ఆకుముద్ర వెనక ఎనిమిది ఇళ్లు

గంగులమ్మకు చదువు రాదు గానీ, స్టిక్కరు వంకర పోకుండా అంటించడంలో ఆమెను మించినవాళ్లు ఆ ఇంట్లో లేరు. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, వసారాలో కాళ్లు చాపుకుని, టమాటాలు సర్దిన అట్టపెట్టెల మీద ఆకు బొమ్మ ఉన్న ఆకుపచ్చ ముద్రలు ఒక్కొక్కటే అంటిస్తుంటే ఆమెకు పూజ చేసినంత తృప్తి. మిగిలినవి మాత్రం ఊరికే పోతాయా? ఒకటి టీవీకెక్కింది, ఒకటి బియ్యం డబ్బాకెక్కింది, ఇంకొకటి ఏకంగా పుంగనూరు ఆవు మెడగంటకే ఎక్కింది.

"అత్తా, ఆవుకు సర్టిఫికెట్ యాల?" అని కోడలు భారతి నవ్వింది.

"యాల అంటావేమే? అది మాత్రం గడ్డి తప్ప ఇంకేం తినింది?" అంది గంగులమ్మ.

రామసముద్రం దగ్గరి ఆ పల్లెలో ఎనిమిది ఇళ్లవాళ్లు గుంపు కట్టి, మూడేళ్లు రసాయనం ముట్టకుండా సేద్యం చేసి, ఈ ఏడాదే ఆ ముద్ర తెచ్చుకున్నారు. ఒకరి చేను ఇంకొకరు తనిఖీ చేసి, చూసింది చూసినట్టు రాసి, సంతకాలు పెట్టడం వాళ్ల పద్ధతి. గుంపు రాతపనంతా భారతిదే. వారానికి రెండుసార్లు పెట్టెలు కుప్పంలో ఒక అంగడికి పోతాయి. ఆ రోజు మధ్యాహ్నం తనిఖీ గంగులమ్మ చేనిది. అందుకే ఆమె కొత్త చీర కూడా తీసి పెట్టుకుంది.

అంతలో పక్కింటి తిమ్మక్క వాకిట్లోకి వచ్చింది. తిమ్మక్క గుంపులో లేదు, ఆమె చేనికి అంగడి మందులే.

"గంగులక్కా, మా స్ప్రేయరు పనైపాయనా? రేపు మేము మందు కొట్టాల."

భారతి చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఏ స్ప్రేయరు?"

"శనివారం నువ్వు కుప్పం పోయింటివి కదా. టమాటాలకు తెల్లదోమ పట్టిండె. మన స్ప్రేయరు హ్యాండిలు సూస్తే ఇరిగిపోయిండాది. తిమ్మక్కనడిగి తెచ్చుకోని వేపకషాయం కొట్టినా" అంది గంగులమ్మ, ఇందులో దాచేదేముందన్నట్టు. రోకలి గానీ, నిచ్చెన గానీ, స్ప్రేయరు గానీ ఆ ఊళ్లో ఒక ఇంట్లో ఉంటే పది ఇళ్లలో ఉన్నట్టే. అడిగినవాళ్లకు లేదనడం గంగులమ్మ పుట్టి బుద్ధెరిగి చేయలేదు, ఎవరూ ఆమెకు లేదనలేదు.

"తిమ్మక్కా, దానికి ముందు అందులో ఏం కలిపినారు?" అని భారతి అడిగింది.

"పురుగుమందేనమ్మా. ఆ పొద్దున్నే కొట్టి పెట్టినాము."

"బిందెడు నీళ్లు పోసి కడిగినా లే" అంది గంగులమ్మ. కోడలి ముఖం చూశాక ఆమె గొంతు కొంచెం తగ్గింది. తిమ్మక్క మాత్రం ఇంకేమీ అడగకుండా స్ప్రేయరు భుజాన వేసుకుని జారుకుంది.

భారతి నెమ్మదిగా పెట్టెల దగ్గర కూర్చుంది. "ఈ టమాటాలకు ముద్ర వేయకూడదత్తా."

"నేను కొట్టింది కషాయమే కదా?"

"ఒక బిందె నీళ్లకు గొట్టంలోని మందంతా పోదు. కషాయంతో పాటే చేన్లో పడింటాది. మందు కొట్టిన స్ప్రేయరు మన చేన్లోకి రాకూడదని గుంపు రూలు. మధ్యాహ్నం ఈ మాట రాయాల్సిందే."

గంగులమ్మ కొడుకు రవిశంకర్ పుంగనూరులో ఒక బ్యాంకులో అటెండరు. డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడల్లా ఆగాడు. "చుక్కంత మందుకు ఇంత రాద్ధాంతమా? అంగట్లో సూడు, ప్రతి ప్యాకెట్టు మీదా నేచురల్, ప్యూర్ అని రాసుకుంటాండారు. వాళ్లనెవురడగతాండారు?"

"అది ఎవురి గురించి వాళ్లు రాసుకునేది. దానికి ఇంకొకరి సంతకం అక్కర్లేదు. ఈ ఆకు కింద నంబరుండాది, సూడండి. ఆ నంబరు పట్టుకోని పోతే మన ఎనిమిది ఇండ్ల పేర్లు బయటికొస్తాయి. మేము కండ్లారా సూసినామని ఒకరికొకరు చెప్పిన సాక్ష్యం ఇది. మనమే దాస్తే మిగిలిన ఏడిండ్ల మాట ఎవురు నమ్ముతారు?"

"అంటే నాది అబద్ధం సేద్యమా?" గంగులమ్మ లేచి నిలబడింది. "నలబై ఏండ్లుగా ఆ చేన్లో ఒళ్లొంచి పని చేస్తాండాను. ఊరి ముందర అత్తను దొంగను చేస్తావా?"

"నేను దొంగని యాడన్నా అత్తా?"

"అనేదెందుకు, రాస్తావంట కదా!"

స్టిక్కర్ల చుట్టను కోడలి ఒళ్లోకి విసిరి, గంగులమ్మ చేనికి నడిచింది. కొత్త చీర దండెం మీదే ఉండిపోయింది.

గట్టు మీద కూర్చుంటే కోపం చల్లారుతుందనుకుంది. చల్లారలేదు గానీ, దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. మూడు వారాల కిందట భారతి ఆమెను కుప్పం అంగడికి తీసుకెళ్లింది. అక్కడ చంకలో బిడ్డతో వచ్చిన ఒక తల్లి వీళ్ల టమాటాల పెట్టె తీసింది, ఆకుముద్ర చూసింది, ఒక టమాటా పైటకొంగుతో తుడిచి అలాగే బిడ్డ చేతికిచ్చింది. బిడ్డ రెండు పళ్లతో కొరికితే రసం గడ్డం మీద కారింది. ఆ రోజు గంగులమ్మ బస్సులో దారి పొడుగునా ఆ మాటే చెప్పింది. కడగను కూడా కడగలేదు చూడు, మనల్ని నమ్మింది అని.

ఇప్పుడు ఆ బిడ్డ గడ్డమే కళ్ల ముందు ఆడుతోంది. గంగులమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది. ఎవరూ లేరు కదా అని గట్టిగానే ఏడ్చింది.

మధ్యాహ్నం గుంపువాళ్లు వచ్చారు. అందరిలో పెద్దవాడు రామమూర్తి గట్టు మీదే నిలబడి చేయి చాపాడు. "భారతి ఇంటి చేన్లో సూసేదేముండాది? కాగితమీమ్మా, సంతకం పెట్టేసి కాఫీ తాగుదాం."

భారతి నోరు తెరిచింది, మాట రాలేదు. కాగితం ఇవ్వకుండా మడతపెట్టింది, మళ్లీ విప్పింది. పొద్దున అంత గట్టిగా మాట్లాడిన పిల్ల, అత్త పేరు నలుగురిలో ఎత్తలేక నలిగిపోతోందని గంగులమ్మకు అప్పుడు తెలిసింది.

"ఆగప్పా రామమూర్తీ" అంది ఆమె. "ఈ చేన్లో తిమ్మక్క స్ప్రేయరు తిరిగింది. తెచ్చింది నేనే. తెలీక చేసినా, అయినా చేసినా. రాసుకోండి."

రామమూర్తి పెన్నుకు మూత పెట్టి, తల గోక్కున్నాడు. "నా సంగతీ చెప్తానక్కా. పోయిన నెల మునీశ్వరి చేను గట్టు మీంచి సూసే సంతకం పెట్టేసినా. ఆకలేస్తాండె."

"అందుకేనా నా చేన్లో నీ అడుగు ఒక్కటీ కనపళ్లేదు!" అంది గుంపులోనే నిలబడిన మునీశ్వరి. అందరూ పడీ పడీ నవ్వారు. ఈ చేను పంటకు ముద్ర వద్దని, అది మదనపల్లె యార్డుకు మామూలు టమాటాగానే పోవాలని, మళ్లీ ముద్ర రావాలంటే ఆ చేను మందు తగలకుండా రూలు చెప్పినన్నాళ్లు ఆగాలని రాసుకున్నారు. మిగిలిన ఏడు చేలూ సాలు సాలూ తిరిగి మళ్లీ చూడాలని కూడా రాసుకున్నారు.

వాళ్లు పోయాక భారతి అత్త చేయి పట్టుకుంది. "నేను చెప్పాల్సిన మాట అత్తా. నోరు రాలేదు."

"నీకు రాలేదు కాబట్టే నాకొచ్చింది లేవే" అంది గంగులమ్మ. ఇద్దరి కళ్లూ తడిశాయి. ఆ సాయంత్రం ఆమె టీవీ మీది ముద్ర, బియ్యం డబ్బా మీది ముద్ర గోటితో గీకి తీసేసింది. ఆవు మెడగంట దగ్గర మాత్రం కాసేపు తటపటాయించింది. "నీకూ ఎవురూ సంతకం పెట్టలేదే తల్లీ" అని అదీ పీకేసింది.

పది రోజులకు కొత్త స్ప్రేయరు వచ్చింది. అది వచ్చిన రెండో రోజే తిమ్మక్కా వచ్చింది. "గంగులక్కా, మా స్ప్రేయరు గొట్టం పగిలిపోయింది. మీది ఒక పూటకు ఇయ్యి."

ఇన్నేళ్లలో గంగులమ్మ నోట రాని మాట ఇప్పుడు వచ్చింది. "ఇయ్యలేను తిమ్మక్కా."

తిమ్మక్క ముఖం చిన్నబోయింది. వెనక్కి తిరగబోయింది.

"నిలు, నిలు. స్ప్రేయరును ఒంటిగా పంపను. దాంతో పాటు నేనూ వస్తా, కషాయమూ వస్తాది. నీ చేన్లో నేనే కొడతా. మందు డబ్బా మాత్రం ఇంట్లోనే పెట్టు."

"చేనంతా కషాయమంటే మా ఇంటాయన ఒప్పుకోడు. ఒక్క మడికి కొట్టి సూద్దామా?"

"మేము మొదులుపెట్టింది యాడనుకున్నావు? ఒక్క మడే!"

గంగులమ్మ స్ప్రేయరు వీపుకు తగిలించుకుని తిమ్మక్క వెంట నడిచింది. వసారాలో కూర్చున్న భారతి గుంపు పుస్తకం తెరిచి, ఎనిమిది పేర్ల కింద తొమ్మిది అని అంకె వేసి, దాని పక్కన చోటు ఖాళీగా ఉంచింది.