మూడో పిలుపు

కళింగపట్నంలో ఎండ మాడు పగలగొట్టేస్తుంటే, విశాలి మాత్రం శాలువా కప్పుకుని కూర్చుంది. చేపల వేట నిషేధం రోజులు కదా, రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఒక గది ఖాళీగా ఉంటే పరిశోధనకి అడిగి తీసుకుంది ఆ రాజాం పిల్ల. మంచు సముద్రాల్లో ఓడ మునిగితే, రబ్బరు పడవలోకి దూకినవాళ్ళు సాయం వచ్చేదాకా ప్రాణాలెలా నిలుపుకోవాలన్నది ఆమె చదువు. అలాంటి పడవ ఒకటి గదిలో పెట్టించింది. అందులో అప్పలసూరి కూర్చున్నాడు. వచ్చే నెల అటువైపు తిరిగే ఓడలో ఉద్యోగానికి వెళ్తున్నాడు, అలవాటవుతుందని తనంతట తానే వచ్చాడు. అక్కడి చీకటి కూడా తెలియాలని లోపల దీపాలు ఆర్పేశారు.

చలి ముందు బుర్రని పడుతుంది. అందుకని విశాలి తలుపు బయట బల్ల దగ్గర కూర్చుని మైకులో పేరు పెట్టి పిలవాలి, అతను వెంటనే పలకాలి. లోపలి మాట బల్ల మీది స్పీకర్లో వినిపిస్తుంది. ఆలస్యమైతే బయటికి లాగెయ్యాలి. కానీ పొద్దున్నుంచీ సూరి మూడో పిలుపుకి గాని పలకడే! ప్రతిసారీ ఆమె లేచి తలుపు పిడి పట్టుకునేది. ఏమిటిదని అడిగితే, వేటకెళ్ళేవాళ్ళ కట్టుబాటన్నాడు. సముద్రంలో పోయినవాళ్ళు రెండుసార్లే పిలవగలరట, మూడోసారి పిలిస్తే బతికున్న మనిషేనట.

విశాలికి ఒళ్ళు మండింది. మండదూ మరి? ప్రాణం మీదకొస్తే ఎలా తెలియాలి? తొలి పిలుపుకే పలుకుతానని అతని చేత ఒట్టేయించుకుంది. గుమ్మం దగ్గర కూర్చున్న అతని తల్లి దాలమ్మ ఆ మాట విని మొహం తిప్పేసుకుంది.

తర్వాత రెండుసార్లు సూరి ఠక్కున పలికాడు. హమ్మయ్య అనుకుని, విశాలి మైకు ఆపి నీళ్ళ సీసా అందుకుంది.

"ఓయ్."

స్పీకర్లో సూరి గొంతు. ఆమె పిలవలేదు.

మిషను హోరు... ఎక్కణ్ణుంచో తడి నాచు వాసన...

"ఓయ్. ఇక్కడే ఉన్నాను."

విశాలి మైకు నొక్కింది. "సూరీ, ఎవరికి పలుకుతున్నావు?"

"మీకే మేడమ్. పడవ దిగి రమ్మన్నారు కదా... అటేపు తలుపు తెరిసారు కదా."

ఆ గదికి ఒక్కటే తలుపు. దాని పక్కనే ఆమె కూర్చుని ఉంది.

తలుపు లాగి టార్చి వేసింది. పడవ ఖాళీ. సూరి వెనక గోడకి మొహం ఆనించి నిలబడున్నాడు. ఆమె, దాలమ్మ కలిసి రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చారు. ఊపిరి ఆడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బతికాడు దేవుడా అనుకుంటూ విశాలి తలుపు మూసేసింది.

దాలమ్మ కొడుకు చెంపలు రుద్దుతూ పిలిచింది.

"సూరీ."

ఉలుకు లేదు.

"ఒరే సూరీ."

పలుకు లేదు.

"నాయినా... సూరీ..."

అతని పెదవి కదల్లేదు. మూసిన గదిలోంచి అతని గొంతు బల్ల మీది స్పీకర్లో పలికింది.

"వస్తన్నానే అమ్మా... తలుపెయ్యకు."

విశాలి చెయ్యి ఇంకా ఆ తలుపు పిడి మీదే ఉంది.