దువ్వెనలో రాలిపోయిన పడవ

"చేపల పడవలో మందుగుండు నింపి పిరేయస్ రేవుకు తెచ్చారు. ఈస్టర్ ప్రయాణికుల ఫెర్రీ ఓడ కదలగానే పక్కకు చేరి పేలుస్తారు. ఏ పడవో కనిపెట్టు," అన్నాడు గ్రీసు గూఢచారి శాఖ కర్నల్ కల్లెర్గిస్.

"ఫెర్రీ ఆపేస్తే పోలా సార్?"

"ఆపితే ముఠా జారుకుంటుంది. రేపు ఇంకోటి పేలుస్తుంది. రేవు ఆఫీసులో మెలీనా మనకోసం పడవల రికార్డులు సరిచేసే కంప్యూటర్ టూల్ ఏదో తయారుచేసిందట, వెళ్ళి చూడు."

ఏజెంట్ స్త్రాటిస్ వెంటనే బయల్దేరాడు. ఆ ఫెర్రీలోనే వాళ్ళక్క పిల్లలతో సీమీ ద్వీపానికి వెళుతోంది.

పొట్టకు దిండు కట్టి, అరువు మీసం అంటించి, మంత్రిత్వశాఖ ఇన్‌స్పెక్టర్ వేషంలో రేవు ఆఫీసులో దిగాడు. అలాంటి శాల్తీని చూస్తే ఎవరికైనా గొప్పలు చెప్పుకోవాలనిపిస్తుందని అతని అనుభవం.

డాక్టర్ మెలీనా రవానీకి మరీ అనిపించింది. సినిమాతారలా ఉండే ఈ డేటా నిపుణురాలు, తనది కాలిమ్నోస్ ద్వీపమనీ, జాలరి కుటుంబమనీ ఊరంతా చెప్పుకుంటుంది. తన టూల్‌కు 'దువ్వెన' అని పేరు పెట్టింది.

"మన రేవులవాళ్ళకు రాయడం వచ్చా అసలు? ఒకడు తేదీ గడిలో డీజిల్ రాస్తాడు, ఇంకొకడు పడవ గడిలో మామగారి పేరు రాస్తాడు. దువ్వెన ఆ చిక్కంతా తీసి, దేని కాలమ్‌లో దాన్ని పెట్టింది. వేసిన ప్రతి అడుగూ గుర్తుపెట్టుకుంటుంది, కావాలంటే వెనక్కి తిప్పొచ్చు. అనుమానించాల్సిన పడవ ఒక్కటీ లేదు. హాయిగా వెళ్ళి భోంచేయండి."

డేటా అద్దంలా ఉంది. స్త్రాటిస్ పైనుంచి కిందికి చదివాడు.

"సెయింట్ నికోలాస్ ఒక్కటే ఉందేంటి మేడమ్?"

"అదా! అదే పడవని నలభైసార్లు రాశారు, దద్దమ్మలు. డూప్లికేట్లన్నీ కలిపేశా."

స్త్రాటిస్‌కు నవ్వాగలేదు. మీసం ఊడి ఒళ్ళో పడింది. నావికులను కాచే ఆ సాధువు పేరు పెట్టుకున్న పడవ లేని రేవు గ్రీసులో ఎక్కడుంది? అతని తండ్రి పడవ పేరదే, బాబాయి పడవ పేరదే, వాళ్ళతో మాటల్లేని పక్కింటివాడి పడవ పేరూ అదే!

"ఏ ద్వీపం తల్లీ నీది? జాలరి బిడ్డకి ఇది తెలియకపోవడమా? కలిపేస్తే మీ ముఠా పడవ అందులో మాయమైపోతుందనుకున్నావా?"

మెలీనా చేతిలో లిప్‌స్టిక్‌లా ఉన్న తుపాకీ పేలింది. తూటా దిండులోపలి ఉక్కురేకుకు తగిలి చదునైపోయింది. స్త్రాటిస్ ఆమెను కుర్చీకి బేడీలతో బిగించి, కలిపేసిన ఆ ఒక్క అడుగునూ వెనక్కి తిప్పాడు. నికోలాస్‌లన్నీ విడివిడిగా లేచి నిలబడ్డాయి. ప్రతి పడవా ఏదో రేవులో చేపలమ్మింది. ఒక్కటి మాత్రం రేవురేవునా డీజిల్ కొనడమే కానీ, ఒక్క చేపా అమ్మలేదు. ఇప్పుడది ఇదే రేవులో, ఫెర్రీకి కాస్త అవతల కట్టి ఉంది.

"పడవలో తిరుగుతూ నాలుగు చేపలు అమ్మడానికి కూడా బద్ధకమేనా? మీ మొహాలకు కుట్ర ఒకటి!" అంటూ తీరరక్షకులను పిలవడానికి రేడియో అందుకున్నాడు.

ఫెర్రీ కూత వేసి కదిలింది. నికోలాస్ కూడా కట్టు విప్పుకుని దాని పక్కకు జరిగింది. పడవలోనివాడు మీట మీద వేలు పెట్టేసరికి తీరరక్షకులు వాడి మీదికి దూకారు.

కిటికీలోంచి, అక్కనూ పిల్లలనూ క్షేమంగా తీసుకుపోతున్న ఫెర్రీని చూస్తూ స్త్రాటిస్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

కర్నల్ వచ్చి అంతా విన్నాడు. "మరి ఈ దువ్వెనని తగలెయ్యమంటావా?"

"ఎందుకు సార్? బంగారంలా పనిచేస్తోంది. చేసినావిడని లోపలేస్తే చాలు."

"నా సంతకం లేకుండా దాన్ని ముట్టుకోడానికి వీల్లేదు!" మెలీనా అరిచింది.

"అలాగేనమ్మా," అన్నాడు కర్నల్. "ములాఖత్ రోజున కాగితాలు పట్టుకొస్తాం."