మూడోసారి అడిగేదాకా

హీటర్ వద్దన్నది తనే. అయినా మూడు రోజులుగా స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, పళ్ళు టకటకలాడిస్తూ పాఠం చెప్తున్న టీచరమ్మకు కోపమంతా హీటర్ పట్టుకుపోయిన మనిషి మీదే ఉంది.

ఆ పరాయి దేశపు కాలేజీలో పదకొండు మందికి తెలుగు నేర్పడానికి ఏడాది ఒప్పందం మీద వచ్చిందామె. లాంగ్వేజ్ ల్యాబ్ చూసుకునే అతను మొదటి రోజే హీటర్ మోసుకొచ్చి, ఇంగ్లీషులో "కావాలా?" అని అడిగాడు. ఆమె మర్యాద కోసం తల అడ్డంగా ఊపింది. అతను "ఓకే" అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు వానలో తడిసి ల్యాబ్‌లోకి అడుగుపెట్టేసరికి అతను ఫోన్‌లో, "ఉంటానమ్మా, పనుంది" అంటున్నాడు.

"మీరు తెలుగువాళ్ళా!"

"అవునండి. ఏం?"

"ఏమా? తెలుగువాళ్ళయి ఉండి, ఒక్కసారి వద్దంటే హీటర్ పట్టుకుపోతారా? మళ్ళీ అడగాలని తెలీదూ?"

"తెలుసు. కానీ ఇక్కడెవరూ రెండోసారి అడగరండీ. నాకూ ఆ అలవాటు పోయింది. వచ్చిన కొత్తలో నేను మొహమాటానికి వద్దన్నవన్నీ పోగేస్తే ఒక కాపురం పెట్టొచ్చు."

"ఎవరితో పెట్టారూ?" అనేసి నాలుక కరుచుకుంది.

"ఇంకా ఎవరితోనూ లేదు" అన్నాడతను, బుద్ధిగా.

సాయంత్రానికి హీటర్ వచ్చింది. ఈసారి అతను అడగలేదు, ప్లగ్గు పెట్టి వెళ్ళాడు.

ఆ తర్వాత శుక్రవారాలు ల్యాబ్‌లో హెడ్‌ఫోన్ వైర్ల చిక్కు ఎంత తీసినా తెమిలేది కాదు. తెమలాలని ఇద్దరికీ పెద్దగా లేదు.

"టీ తాగుతారా?"

"ఇప్పుడెందుకు లెండి."

"అయితే నేను తాగేస్తా." నిజంగానే ఆమె కళ్ళ ముందే తాగేశాడు. మూడో వారానికి అతను నోరు తెరవకముందే ఆమె "తాగుతా" అనడం నేర్చుకుంది.

కానీ టీ దగ్గర వచ్చిన ధైర్యం పెద్దవాళ్ళ ముందు రాలేదు. ఒకరోజు హెడ్ మేడమ్ పిలిచి, "ఇంకో ఏడాది ఉంటారా?" అని అడిగింది. ఆమె గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం, "నా కోసం మీరు ఇబ్బంది పడకండి" అంది. మేడమ్ పాపం నొచ్చుకుంటూనే ఫారంలో 'వద్దన్నారు' అని రాసుకుంది. శుక్రవారం ఫారం పైకి వెళ్తే ఆ ఉద్యోగం ఇంకో భాషకి పోతుంది, తెలుగు క్లాసు మూతపడుతుంది.

"నా కొంప నేనే ముంచుకున్నాను" అని ల్యాబ్‌లో కూలబడి ఏడ్చిందామె. ఆ పదకొండు మందినీ వదిలి వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు. పన్నెండో మనిషిని వదలడం అసలే ఇష్టం లేదు.

"వెళ్ళి కావాలని చెప్పండి."

"వద్దని చెప్పి మళ్ళీ నేనే వెళ్ళి అడగనా? పరువు పోదూ?"

"మీరు వెళ్ళిపోతే..." అని ఆగి, అతను వైర్ల మీదికి వంగాడు.

"వెళ్ళిపోతే?"

"ఆ హీటర్‌ని చూసి నేను తట్టుకోలేను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. గురువారం హెడ్ మేడమ్‌ని క్లాసుకు పిలిచింది.

ఆ రోజు పాఠం 'ఇంటికొచ్చిన చుట్టం'. ఒక విద్యార్థి కాఫీ ఇస్తానన్నాడు, చుట్టంగా వచ్చినమ్మాయి వద్దంది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వద్దంది. మూడోసారి, "సరే, మీ మాట కాదనలేక" అని కప్పు లాక్కున్నంత పని చేసింది. క్లాసంతా చప్పట్లు.

పక్కనున్న విద్యార్థి ఇంగ్లీషులో చెప్తుంటే విన్న మేడమ్ మాత్రం తెల్లబోయింది. "మా దగ్గర రెండోసారి అడిగితే బలవంతపెట్టినట్టు" అంది. అంతలో ఏదో తట్టి టీచరమ్మ వైపు తిరిగింది. "అయితే ఆ రోజు మీరు నాతో అన్నది..."

ఆమె లేచి నిలబడింది. "మొదటి 'వద్దు' మేడమ్. మీరింకా రెండుసార్లు అడగాలి. కానీ అంత టైం లేదు. నాకు ఈ పని కావాలి. ఇంకో ఏడాది ఉంటాను."

మేడమ్ పకపకా నవ్వి, బ్యాగులోంచి ఫారం తీసి అక్కడే దిద్దింది. పదకొండు గొంతులు కిటికీ అద్దాలు అదిరేలా కేకపెట్టాయి. తన నోటితో తనే అడిగి గెలుచుకున్నానని ఆమెకు ఒళ్ళంతా పొంగిపోయింది.

బయట వాన. గుమ్మం దగ్గర ఒకే గొడుగుతో ల్యాబ్ అతను.

"ఒక మాట అడగాలి. మీరు గనక..."

"సరే."

"ఇంకా అడగనే లేదండీ!"

"ఎప్పుడో నేర్పారుగా. నాకు ఇష్టమే."

అతని చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు ఆమె మీదే పట్టి తను పూర్తిగా తడుస్తున్న సంగతి అతనికి పట్టనే లేదు.

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ అంతా విని నోరు నొక్కుకుంది. "అడక్కముందే ఒప్పుకున్నావా! ఆడపిల్ల తల్లిని, నా మర్యాదేం కావాలే? నేను మాత్రం మూడుసార్లు అడిగించుకుంటాను. ఏదీ, అబ్బాయికివ్వు."

అతను జుట్టు సర్దుకుని, ఫోన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

"అబ్బే, ఇప్పుడెందుకు లే నాయనా" అంది అమ్మ, నవ్వు ఆపుకోలేక.

అతను గొంతు సవరించుకుని, రెండోసారి మొదలుపెట్టాడు.