దూరంగా ఉండండి అత్తయ్యా

పొద్దున్నే లాండ్రీ షట్టరు ఎత్తగానే కోడలు చేసే మొదటి పని మూటలు విప్పడం. కింద దుకాణం, పైన ఇల్లు. ఎవరి చొక్కాకి ఏ మరక ఉందో చూసి, వేటికవి విడదీసి పెట్టడం ఆమె వంతు. ఉతకడం యంత్రాల పని. ఇస్త్రీ ఆమె భర్తది. గుండీలు కుట్టి, మడతలు సరిచూసి, కౌంటర్లో కూర్చుని అందరితో కబుర్లాడటం అత్తగారిది.

నెత్తురు, చేపల పులుసు, పసిపిల్లలు కక్కిన పాలు, జిమ్‌కి వెళ్ళేవాళ్ళ చెమట, దేనికీ ఆమె ముక్కు చిట్లించింది లేదు. "మా కోడలికి అసహ్యమంటే ఏమిటో తెలీదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

ఆ రోజు హోటల్ వాళ్ళ బల్లగుడ్డల మూట ముడి విప్పిందో లేదో, కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక మోరీ దగ్గరికి పరుగెత్తింది.

"మళ్ళీనా? గ్యాసే అయ్యుంటుంది. ఖాళీ కడుపుతో ఉండొద్దని చెప్తే వింటేగా" అన్నాడు భర్త, ఇస్త్రీపెట్టె పక్కన పెడుతూ. ఆయన లెక్కలో తలనొప్పి దగ్గర్నుంచి అప్పుల బాధ దాకా అన్నిటికీ కారణం గ్యాసే.

కొన్నాళ్ళుగా ఆమెకి లోకమంతా కంపు కొడుతోంది. వేగుతున్న ఉల్లిపాయలు, గుడ్లు, టూత్‌పేస్టు, నిద్రలో మొగుడు వదిలే ఊపిరి కూడా. వీటన్నిటినీ పంటి బిగువున భరించేదే. భరించలేనిది ఒకటుంది. అత్తగారు దగ్గరికొస్తే చాలు, తడిసి మూలన పడి ముక్కిన గోనెసంచిని మొహమ్మీద కప్పినట్టుండేది.

ఆ సంగతి తల్చుకుంటేనే కోడలికి ఒళ్ళు జలదరించేది. తల్లి లేని పిల్లగా ఈ ఇంటికొస్తే కడుపులో పెట్టుకు చూసుకున్న మనిషి. ఆవిడ మీద అసహ్యమా? నా బుద్ధే కుళ్ళిపోయిందేమో అని లోలోపల కుమిలిపోయింది. ఆవిడ గదిలోకి వస్తే కిటికీ తెరిచేది, పక్కన కూర్చుంటే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేది.

ముసలావిడ గమనించకుండా ఎలా ఉంటుంది? మూడుపూటలా స్నానం మొదలుపెట్టింది. వేసుకునే బట్టలు మరిగే నీళ్ళలో ఉడకబెట్టింది. ఎవరూ చూడటం లేదనుకుని తన చేతులు తనే వాసన చూసుకుంది. కోడలు చూడనే చూసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు వంగి కూర వడ్డించబోయింది.

"దూరంగా ఉండండి అత్తయ్యా! మీ దగ్గర వాసనొస్తోంది" అంటూ కోడలు ఆవిడ చెయ్యి నెట్టేసింది.

గరిటె నేల మీద పడింది. ఊరందరి మురికీ వదిలించే ఇంట్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"మా అమ్మ కంపు కొడుతోందా నీకు? ఎంత మాటన్నావు! తలపొగరెక్కిందా?" భర్త కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"అరవకురా. ఉన్నమాటే అంది. వయసైపోయింది, నాకు తెలియడం లేదు కాబోలు. నన్ను చెల్లెలింటికి పంపించెయ్" అని అత్తగారు లోపలికెళ్ళి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుంది.

కోడలు గుమ్మంలో కూలబడి భోరుమంది.

"వెళ్ళకండి అత్తయ్యా. మీరు శుభ్రంగానే ఉన్నారు, నాకే ఏదో పట్టుకుంది. మన సబ్బు కూడా కంపే. ఇస్త్రీ ఆవిరి తగిలితే పేగులు తిప్పేస్తున్నాయి. నా మీద నాకే రోతగా ఉంది."

మడత పెడుతున్న అత్తగారి చెయ్యి ఆగింది.

"సబ్బు కూడానా?"

"ఊఁ."

"నీరసంగా ఉంటోందా? గుండెల దగ్గర బరువుగా, నొప్పిగా..."

"ఉంది. మీకెలా తెలుసు?"

"నెలసరి?"

"పోయిన నెల వచ్చింది కదా. కాకపోతే ఏదో చుక్కలు కనిపించి ఆగిపోయింది. నాకెప్పుడూ సరిగ్గా రాదు, మీకు తెలిసిందేగా."

అత్తగారు మంచమ్మీద కూర్చుండిపోయింది. "విశేషమా అని నేనడిగినప్పుడల్లా నువ్వు ఏడ్చేదానివి. ఇక ఈ జన్మలో ఆ ప్రశ్న అడగనని ఒట్టు పెట్టుకున్నాను తల్లీ. అడగనూ లేదు, చూడనూ లేదు. కళ్ళుండి గుడ్డిదాన్నయ్యాను. ఒరేయ్! మందుల షాపుకెళ్ళు!"

"గ్యాస్ మాత్రలకా?"

"నీ మొహానికి!"

పరీక్ష పట్టీని ఆయన మూడు పొరల కాగితంలో చుట్టి దొంగసొత్తులా పట్టుకొచ్చాడు. మర్నాడు పొద్దున్న లేవగానే చూసుకుంది కోడలు. ఒక గీత ఎర్రగా వచ్చింది. రెండోది ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. ఇన్నేళ్ళూ మోసపోయిన కళ్ళు కదా, వాటిని నమ్మబుద్ధి కాలేదు.

"క్లినిక్‌కెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి. నేను రాను. బండిలో పక్కన కూర్చుంటే పిల్ల అవస్థ పడుతుంది" అంది అత్తగారు. గుమ్మం పక్కన సర్దిన సంచి అలాగే ఉంది. కోడలికి వచ్చింది నిజంగా తన మీద అసహ్యమే అయితే ఏం చెయ్యాలన్న భయం ఆవిడకింకా పోలేదు.

క్లినిక్‌లో డాక్టరమ్మ కోడలు చెప్పిందంతా విని, రక్తపరీక్ష కాగితం చూసి, "అనుమానమేం లేదు, గర్భమే. ఈ దశలో వాసనలు పడకపోవడం మామూలే. మనిషి మీద కోపం కాదమ్మా, కొన్నాళ్ళకి తగ్గిపోతుంది" అంది. మనిషి మీద కోపం కాదన్న మాటకి కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. భర్త మెడికల్ షాపు ముందు ఆగి, అవసరం లేకపోయినా గ్యాస్ మాత్రలు కొన్నాడు.

తిరిగొచ్చేసరికి అత్తగారు దుకాణంలో ఆ చివర, వేలాడదీసిన కోట్ల వెనక నిలబడి ఉంది.

"అక్కడ్నుంచే చెప్పమ్మా. దగ్గరికి రాకు."

కోడలు చెప్పలేదు. కోట్లు తప్పించుకుంటూ పరుగున వెళ్ళి వాటేసుకుంది.

"నిజమేనా?"

"నిజమే అత్తయ్యా."

వాసన ఏమీ తగ్గలేదు. అదే ముక్కిన గోనెసంచి. కడుపులోంచి దేవుకొచ్చింది.

"వదలండి అత్తయ్యా, మీ మీద పడుతుంది..."

"పడనీ" అని అత్తగారు ఇంకా గట్టిగా పట్టుకుంది.

పడింది కూడా. భుజం మీంచి నడుము దాకా కారింది. కోడలు ఏడుస్తూనే ముఖం అక్కడే దాచుకుంది. అత్తగారు ఆమె వీపు నిమురుతూ నిలబడింది.