నీలం బల్బుకు జంకని మనిషి

ఎదురుగా ఇంజను కూత పెడుతూ వస్తున్నా రాయమల్లు పట్టాల మీద నుంచి జరగలేదు. చూడలేదా అంటే చూశాడు. ప్లాట్‌ఫారం మీద జనం గొంతు చించుకుంటుంటే వాళ్ల వైపు తిరిగి నవ్వాడు కూడా. రైలు డ్రైవరుగా తల నెరిసిన మనిషి, రెండు వైపులా చూడందే ఏనాడూ పట్టాలు దాటనివాడు, పట్టపగలు వరంగల్ స్టేషన్లో అలా పోయాడు.

మర్నాడు హన్మకొండలో ఒక బట్టల కొట్టు వెనక గదిలో నిఘా శాఖ చీఫ్ రాజేశ్వర్ రావు ఈ సంగతి చెప్పాడు. ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ సారంగపాణి. కాశిబుగ్గలో పుట్టి పెరిగినవాడు.

"తాగి ఉన్నడా సార్?"

"చుక్క ముట్టలే. రోగం లేదు, పిచ్చి లేదు. సుబేదారిల ఫ్రీ హెల్త్ క్యాంప్ ఒకటి నడుస్తాంది. ఆడికి పోయొచ్చినంకనే ఇట్లయింది. నడిపేటోడు ప్రొఫెసర్ హెల్మర్. పైకి సైంటిస్ట్, లోపల విదేశీ ముఠా మనిషి."

"ఏం చేస్తాండు ఆడ?"

"మాగ్నెటిక్ స్టిమ్యులేషన్. తలకాయ మీద అయస్కాంతం కాయిల్ పెడ్తడు. నీలం బల్బు వెలిగినప్పుడల్లా మణికట్టుకు చిన్న షాక్ ఇస్తడు. కొన్నిసార్లు అయినంక షాక్ లేకున్నా బల్బు చూస్తేనే మనిషికి చెమట పడ్తది. బాగున్న మనిషికి ఉండాల్సిన భయమే అది. కాయిల్ నడిచినంక ఆ చెమట పట్టదు. కొద్దిసేపే. కానీ ఆ కొద్దిసేపు ఏ ప్రమాదమూ ప్రమాదం అనిపియ్యది."

సారంగపాణికి మెడ వెనక జివ్వుమంది. ఈ జివ్వుమనే భయం అతనికి పాత చుట్టం. ఈ ఉద్యోగంలో ఇన్నాళ్లు బతికి బట్టకట్టడం దాని పుణ్యమే.

"రాయమల్లు మీద ట్రయల్ చేసిండ్రు," అన్నాడు చీఫ్. "అసలు టార్గెట్ ఎల్లస్వామి. ఇయ్యాల ఫిరంగి గుండ్లు మోసే డిఫెన్స్ స్పెషల్‌కు ఆయనే డ్రైవర్. డ్యూటీ ఎక్కే ముందు క్యాంపుకు రమ్మన్నరు. నెక్కొండ స్టేషన్ల ఇంకో బండి నిలబడి ఉంటది, ఎర్ర సిగ్నల్ పడ్తది. ఈయన చెయ్యి బ్రేక్ మీదికి పోకపోతే స్టేషన్ మిగలది, ఊరు మిగలది."

"డ్రైవర్ను మారిస్తే సరిపోదా సార్?"

"ముఠా జారుకుంటది. ఇంకో ఊర్ల మొదలుపెడ్తది. నువ్వు రోగి లెక్క పోయి చేస్తుండంగనే పట్టుకోవాలె. లోపల మన మనిషి విజయలక్ష్మి ఉంది, ఫికర్ చెయ్యకు." చీఫ్ ఒక నశ్యం డబ్బీ చేతిలో పెట్టాడు. "దీంట్ల ట్రాన్స్‌మీటర్ ఉంది. భయమైతే నొక్కు. మేం గేటు కాడనే ఉంటం."

భయమైతే నొక్కమన్నాడు మహానుభావుడు. ఎక్కడికి పంపుతున్నాడో మరిచిపోయి మరీ అన్నాడు.

సుబేదారి బంగళాలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బయట మబ్బు కమ్మి మధ్యాహ్నమే చీకటి పడింది. నూలు వ్యాపారి వేషంలో సారంగపాణి వరండా మెట్లెక్కాడు. బల్ల మీద ఎల్లస్వామి టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పట్టుచీరలో, నల్ల కళ్లద్దాల్లో విజయలక్ష్మి ఎదురొచ్చింది. చెప్పొద్దూ, ఆ ఇంట్లో అందంగా ఉన్నది ఆమె ఒక్కతే.

"ఈ నూలు రంగు దిగుతదా అన్నా?" అంది. కోడ్ వర్డ్.

"ఉతికితే తెలుస్తది చెల్లె."

ఆమె గొంతు తగ్గించింది. "కుర్చీల కూసో. నీ వంతుకు స్విచ్ వెయ్యను. ఉత్త చప్పుడే వస్తది."

హెల్మర్ పద్ధతి ఒకటుంది. జనం జంకకూడదని ప్రతిసారీ ముందు తన తల మీదే కాయిల్ పెట్టుకుంటాడు. టక్ టక్ మని చప్పుడైంది. "సీ? నో పెయిన్," అని నవ్వి, సారంగపాణి వేళ్లకు రెండు క్లిప్పులు తగిలించాడు. చెమట పెరిగితే ఎదురుగా మీటరులో సూది లేస్తుంది. నీలం బల్బు, షాక్. బల్బు, షాక్. సూది ఎగిరి పడింది. తరవాత కాయిల్ నుదుటి పక్కకు వచ్చింది. కనురెప్ప అదిరింది, నెత్తి మీద చర్మం గుంజింది.

మళ్లీ నీలం బల్బు వెలిగింది. సూది కదల్లేదు.

విజయలక్ష్మి మోసం చేసిందని సారంగపాణికి అర్థమైంది. అర్థమై ఏం లాభం, గుండె ఉలకలేదు. జేబులో డబ్బీ ఉందని గుర్తుంది. నొక్కాలనిపించలేదు. అతన్ని పక్క స్టూలు మీదికి జరిపి ఎల్లస్వామిని పిలిచారు. ఆ పెద్దాయన క్యారియర్ కింద పెట్టి, టోపీ తీసి, బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు. చూద్దాంలే అనుకున్నాడు సారంగపాణి. పాపం, ఆ చూద్దాంలేలో ఒక ఊరు ఊరంతా ఉంది.

విజయలక్ష్మి కప్పూ సాసరుతో చాయ్ తెచ్చి ఇచ్చింది. "అలిసిపోయినవ్, జర తాగు అన్నా," అంటూ అతని వేళ్ల క్లిప్పులు ఊడదీసి గుప్పిట్లో పట్టుకుంది.

ఎదుటి మనిషి నిలబడి ఉండగా ఒక్కడే చాయ్ తాగడం కాశిబుగ్గ వాళ్లకు చేతకాదు. భయం పోయినా అలవాటు ఎక్కడికి పోతుంది? సగం సాసర్లోకి వంచి ముందుకు చాపాడు.

"తీస్కో చెల్లె. సగం సగం."

"నేను ఇప్పుడే తాగిన."

"ఒక్క గుక్క. వద్దనొద్దు."

ఆమె ముఖం మీద నవ్వు అలాగే ఉంది. కానీ గుప్పిట్లో క్లిప్పులున్నాయి కదా, మీటరులో సూది చివరిదాకా లేచి అక్కడే నిలిచిపోయింది. సారంగపాణి సూదిని చూశాడు, సాసరును చూశాడు.

"వండర్‌ఫుల్ కస్టమ్," అంటూ హెల్మర్ మధ్యలో చెయ్యి చాచి సాసరు అందుకున్నాడు. అతని తలా అదే కాయిల్ కింద నుంచి వచ్చిందేగా, ఆమె ముఖం చూసైనా అనుమానం రాలేదు. పెదాలకు ఆనించబోతుంటే విజయలక్ష్మి ఒక్క దెబ్బతో దాన్ని కింద పడగొట్టింది. హెల్మర్ పగిలిన ముక్కలు చూసి నవ్వి, ఎల్లస్వామి తల మీద కాయిల్ సరిచేసి, బటన్ వైపు వేలు చాచాడు.

సారంగపాణికి అప్పుడు కోపం వచ్చింది. రాయమల్లూ ఇలాగే టోపీ తీసి కూర్చుని ఉంటాడు. భయాన్ని తీసే యంత్రం కోపాన్ని ముట్టలేదు. లేచాడు.

విజయలక్ష్మి చేతిలో సైలెన్సర్ బిగించిన చిన్న పిస్తోలు మెరిసింది. "ఆగు. కాలుస్త."

అతను ఆగలేదు. ఎందుకు ఆగాలో తోచలేదు. పిస్తోలు ముందు అలా నడిచొచ్చే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. గురి తప్పింది, గుండు అతని చెవి పక్క నుంచి పోయి గోడలో దిగింది. సారంగపాణి రెప్ప వెయ్యకుండా వచ్చి, కప్పులో మిగిలిన సగం చాయ్ యంత్రం మీద గుమ్మరించాడు. హెల్మర్ వేలు బటన్‌ను తాకే లోపల ఫ్యూజు ఢామ్మంది, బంగళా అంతా చీకటైంది.

"ఏందయ్యా ఇది?" అన్నాడు ఎల్లస్వామి, కుర్చీలోంచి దిగ్గున లేచి. "జర్రుంటే పాణం పోయేది."

"నీకు భయమైంది కదా కాకా," అన్నాడు సారంగపాణి, ఆమె మణికట్టు మెలితిప్పి పిస్తోలు లాక్కుంటూ. "అది చాలు. పోయి బండి నడుపు."

ఆమెనూ, పారిపోవాలని కూడా తోచని హెల్మర్‌నూ కుర్చీలకు కట్టేసి వరండాలో కూర్చున్న కాసేపటికి అతని మెడ వెనక జివ్వుమంది. చెవి పక్క నుంచి పోయిన గుండు అప్పుడు గుర్తొచ్చింది. చొక్కా తడిసి ముద్దయింది. జేబులో చెయ్యి పెట్టి డబ్బీ నొక్కాడు.

చీఫ్ మనుషులతో లోపలికి పరుగెత్తుకొచ్చాడు. కట్టేసి ఉన్న ఇద్దర్నీ చూశాడు.

"పని అంతా అయినంక నొక్కినవేందయ్యా?"

"ఇప్పుడే భయమైంది సార్."

రాత్రి రైల్వే కంట్రోల్ నుంచి ఫోన్ వచ్చింది. నెక్కొండకు ఇవతలే ఎర్ర సిగ్నల్ చూసి స్పెషల్‌ను ఎల్లస్వామి బాగా వెనకే ఆపాడట. బట్టల కొట్టు గదిలోకి చాయ్ వచ్చింది. సారంగపాణి సగం సాసర్లోకి వంచి చీఫ్ ముందుకు జరిపాడు.

చీఫ్ దాని వంక చాలాసేపు చూశాడు.

"ముందు నువ్వు తాగు," అన్నాడు.