వెనక చక్రం పరీక్ష

"దయచేసి నా లీవర్ నాకు ఇప్పిస్తారా, ఇగరాషి గారూ?"

మీరు తోగాషి చినత్సుని ఎరగరు కాబట్టి చెబుతున్నాను. ఆమెకి కోపం వస్తే తిట్టదు, మర్యాద పెంచుతుంది. మామూలు రోజుల్లో ఉత్త "మీరు". ఒళ్ళు మండిన రోజు "దయచేసి", "క్షమించాలి", ఆపైన "తమరు". "తమరు" దాకా వచ్చిందంటే ఎదుటివాడు అక్కణ్ణుంచి కదలడం ఒంటికి మంచిది.

"సాయం చేస్తున్నాను కదా," అన్నాను, చక్రానికి టైరు ఎక్కించే ఆ ఇనప లీవర్ ఇవ్వకుండా.

"నేనడిగానా?"

"అడిగేదాకా ఆగితే ఇంకో ట్యూబు చస్తుంది. ఇప్పటికే రెండు నలిపేశారు."

"నా ట్యూబులు. నలుపుకుంటాను, కావాలంటే వేయించుకు తింటాను. తమరికెందుకు?"

తమరు వచ్చేసింది. లీవర్ ఇచ్చేశాను.

మా రెండు అద్దె ఇళ్ళకీ కలిపి ఒకటే రేకుల షెడ్డు. ఏప్రిల్లో ఆమె పక్కింట్లో దిగి, కొత్తగా దిగినవాళ్ళు ఇరుగుపొరుగుకి ఇచ్చే తువ్వాలు కాగితంలో చుట్టి పట్టుకుని పలకరింపుకి వచ్చింది. నా మోటారుబండి ముక్కలుముక్కలుగా నేల మీద పరిచి ఉండటం చూసి, "ఇదంతా మళ్ళీ బండవుతుందా?" అంది. ఆ మాటకి కోపం వచ్చింది. మొహం చూస్తే పోయింది. అప్పట్నుంచీ ఆ కోపం అలా వస్తూ పోతూనే ఉంది.

నా టైర్లు నేనే మార్చుకోవడం నాకు సరదా. ఆమెకి సరదా కాదు, బతుకు. హొన్మా మామ్మ పేపర్ల దుకాణంలో ఆమె డెలివరీ చేస్తుంది. డెబ్భై నాలుగేళ్ళ ఆ మామ్మకో రూలుంది. తన బండి వెనక చక్రానికి మంచు టైరు తన చేత్తో ఎక్కించుకోలేని మనిషికి చలికాలంలో కొండదారి ఇళ్ళకి పేపర్లేసే పని ఇవ్వదు. తెల్లవారకముందే, మంచులో, ఏ మలుపులోనో టైరు దిగిపోతే కేకేసినా పలికేవాడుండడు. అందుకని నవంబరు ఆఖరి ఆదివారం అందరూ ఇంట్లో టైర్లు ఎక్కించుకుని, బళ్ళు తెచ్చి దుకాణం పెరట్లో నిలబెట్టాలి. మామ్మ చూసి సరే అంటేనే దారి.

చినత్సు కొండదారిలో ఇళ్ళు పదకొండు. చివరి ఇంటి తాత రోజూ గేటు దగ్గర నిలబడి ఉంటాడు, పేపరు కోసం కాదు. కొన్ని రోజులు ఆయన మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. పరీక్ష తప్పితే ఆమె మార్చి దాకా దుకాణంలో కూర్చుని పేపర్లలో కరపత్రాలు దూర్చాలి, దారి తోటి కుర్రాడు కన్నో చేతికి పోతుంది. కన్నో బండి ఆపకుండా పేపరు విసిరేసి పోయే రకం.

"ఆ తాతని ఒక్కసారైనా పలకరిస్తాడా వాడు?" అంటూ చినత్సు టైరుని గుద్దేది.

రెండు వారాలు రోజూ సాయంత్రం ఇదే తంతు. ఒకవైపు అంచు రిమ్ములోకి దించేది. రెండోవైపు ముప్పాతిక దాకా దిగేది. ఆఖరి జానెడు దగ్గర టైరు మొండికేసేది. ఆమె బలమంతా పెట్టి లీవర్ లాగితే, లోపల ట్యూబు లీవరుకీ రిమ్ముకీ మధ్య నలిగి చిరిగేది. నేను "ఇలా ఇవ్వండి" అని లాక్కుని రెండు నిమిషాల్లో ఎక్కించేవాణ్ణి. అబ్బ, ఎంత బాగా చేశారో అంటుందని నా ఆశ. ఆమె పళ్ళు నూరేది.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం ఆమె కరపత్రాల పనికి దుకాణానికెళ్ళింది. షెడ్డులో చక్రం పడి ఉంది, టైరు సగం ఎక్కి సగం వేలాడుతోంది. పక్కనే చిరిగిన మూడో ట్యూబు. చోకాయ్ కొండ అప్పటికే నడుము దాకా తెల్లబడింది. నా మనసు ఆగలేదు. కొత్త ట్యూబు పెట్టి, టైరు ఎక్కించి, గాలి కొట్టి, చక్రాన్ని బండికి బిగించి, సబ్బు మరకలు కూడా తుడిచి వచ్చేశాను. నా అంత మంచివాడు ఊళ్ళో లేడనుకున్నాను.

మర్నాడు పెరట్లో ఆరు బళ్ళు వరసగా నిలబడ్డాయి. నేను గేటు దగ్గర చేరాను. మామ్మ చినత్సు బండి దగ్గర వంగి టైరుని బొటనవేలితో నొక్కింది.

"ఏమే పిల్లా, ఇంత పని నీకెప్పుడొచ్చిందే? వాల్వు చూడు, ఎంత తిన్నగా నిలబడిందో! ముప్పై ఏళ్ళు ఆరితేరిన చెయ్యిలా ఉందే!"

కన్నో మొహం మాడిపోయింది. నేను ఛాతీ విరుచుకున్నాను.

"క్షమించాలి మామ్మగారూ," అంది చినత్సు, నడుం వంచి మరీ. "అది నా చెయ్యి కాదు."

"మరెవరిదే?"

"అదిగో, గేటు దగ్గరున్న ఇగరాషి గారిది." నావైపు తిరిగింది. "తమరు చాలా దయగలవారు. రేపట్నుంచి పేపర్లు కూడా తమరే వేసిపెట్టండి."

పెరడంతా గొల్లున నవ్వింది. నాకు కోపం నషాళానికంటింది.

"మంచి చేస్తే ఇదా ఫలితం?" అని అరిచాను. "నోరు మూసుకునుంటే దారి మీదయ్యేది!"

"అయ్యేది. జనవరిలో కొండమీద టైరు దిగితే? మిమ్మల్ని జేబులో వేసుకెళ్ళనా?"

ఒళ్ళు మండి గేటుని ఒక్క తన్ను తన్నాను.

మామ్మ ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది. "ఇంకా వెలుగుంది. విప్పి మళ్ళీ ఎక్కించవే, చూస్తాను. ఒరే గేటబ్బాయ్, చెయ్యి పెట్టావో, అదే లీవరుతో వేళ్ళు విరగ్గొడతా."

చినత్సు చక్రాన్ని బండి నుంచి ఊడదీసి గాలి తీసేసింది. బూటు కాలితో తొక్కి అంచు ఊడదీసింది. ఆ తొక్కుడు టైరుకి కాదని అందరికీ తెలుసు. టైరు విప్పింది, సబ్బునీళ్ళు రాసింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఒకవైపు దిగింది. రెండోవైపు ముప్పాతిక దిగింది. ఆఖరి జానెడు దగ్గర ఆగింది.

ఆమె లీవర్ బిగించి పట్టుకుంది. మెడనరాలు తేలాయి. ఇంకో లాగు లాగితే ట్యూబు పోతుంది. అది పోతే కొండదారి పోతుంది.

అప్పుడు చూశాను. ఆమె ఎదురుగా, అవతలివైపు అంచు పైకి లేచి ఉంది. దాన్ని మోకాలితో అదిమి రిమ్ము నడుమ పల్లంలోకి దించితే, ఇవతల జానెడు దానంతటదే వదులవుతుంది. నేను ప్రతిసారీ చేసేది అదే. రెండు వారాల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. లాక్కోవడమే తప్ప, చెప్పలేదు!

"మోకాలు!" గట్టిగా అరిచాను. "అవతలి అంచు మీద మోకాలేసి అదమండి! అంతే అసలు కిటుకు! ఇన్నాళ్ళూ చెప్పలేదు, వెధవని!"

అందరూ మామ్మవైపు తిరిగారు.

"చేతులే కట్టేశాను, నోరు కాదు," అంది మామ్మ. "అయినా వెధవనని ఒప్పుకున్నాడుగా, పోనీండి."

చినత్సు నన్నొక చూపు చూసింది. ఆ చూపుకి మంచు కూడా కరుగుతుంది. అవతలి అంచు మీద మోకాలు వేసింది. లీవర్ ఎత్తింది. ఏ గొడవా లేకుండా టైరు లోపలికి దిగింది.

పంపు కొట్టింది. టప్ మని ఒక అంచు కూర్చుంది. కాసేపటికి రెండోది. వాల్వు దగ్గర సబ్బునీళ్ళు పోస్తే ఒక్క బుడగ రాలేదు. మామ్మ కొండదారి పేపర్ల సంచీ తెచ్చి ఆమె మెడలో వేసింది. కన్నో కూడా చప్పట్లు కొట్టాడు.

చినత్సు తిన్నగా నా దగ్గరికొచ్చింది. కోపం ఒక్క రవ్వ తగ్గలేదు.

"రెండు వారాలు! మూడు ట్యూబులు! ఒక్క ముక్క చెప్పడానికి మీకు నోరు రాలేదా?"

"చెబితే మీకు వచ్చేస్తుంది."

"రావాలనేగా నా ఏడుపు!"

"వచ్చేస్తే ఇంక సాయంత్రాలు నా పక్కన కూర్చుని పళ్ళు నూరరు," అన్నాను. "ఆ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. మీరంటే నాకిష్టం. పాఠం చెప్పడం చేతకాలేదు, ఇది చెప్పడం చేతకాలేదు. తిట్టండి."

ఆమె తిట్టలేదు. "తమరు" అంటుందేమోనని భయపడ్డాను. మామ్మ అటు తిరిగి లేని దుమ్ము దులుపుతోంది. తొలిమంచు రెండు మూడు పలుకులుగా రాలింది.

చినత్సు వెనక్కి నడిచి బండి దగ్గర చతికిలబడింది. ముందు చక్రానికింకా ఎండాకాలం టైరే ఉంది. చక్రం ఊడదీసి, దాన్ని విప్పి, మంచు టైరు సగం దాకా ఎక్కించి, మొదటి లీవర్ అంచు కింద దూర్చింది. రెండోది దూర్చేలోగా మొదటిది జారకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. అదిమి పట్టడానికి తన మోకాలుంది. అయినా తల ఎత్తి నావైపు చూసింది.

"మామ్మా, ముందు చక్రానికి రూలుందా?"

"ముందు దాని సంగతి నాకెందుకే? ఎవర్ని కూర్చోబెట్టుకుంటావో నీ ఇష్టం."

నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఇదిగో, ఇది పట్టుకో," అంది చినత్సు. మీరు లేదు, దయచేసి లేదు. "పట్టుకోవడం వరకే. లాగావో, చంపేస్తా."

పట్టుకున్నాను. లాగలేదు.