మంచుగది తలుపు మూసిందెవరు?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఉదయం గవర్నర్‌పేటలో రోళ్ళ సంగతేమోగానీ, మనుషులు మాత్రం పది గంటలకే నీడ కోసం గోడలకు అతుక్కుని నడుస్తున్నారు. అలాంటి ఎండలో మేడ మెట్లెక్కి వచ్చిన అమ్మాయి గజగజ వణుకుతుంటే, హెలెన్ కంగారుగా ఫ్యాను ఆపబోయింది.

"ఉండనీ. అది చలి వణుకు కాదు," అంది పద్మావతమ్మ.

ప్రైవేటు డిటెక్టివ్ పద్మావతమ్మ దగ్గర అసిస్టెంటుగా చేరినప్పటి నుంచీ హెలెన్ ఇలాంటి మాటలు వింటూనే ఉంది. అయినా విన్న ప్రతిసారీ మనసులో చప్పట్లు కొడుతూనే ఉంటుంది.

వచ్చినమ్మాయి పేరు సింధూరి. కంకిపాడు దాటాక ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటరు ఆపరేటరు.

"రేపు పొద్దున స్టేషన్‌కి రమ్మన్నారండీ. వెళ్తే ఇంక ఇంటికి పంపరని మా నాన్న ఒకటే ఏడుపు. నేనేం చెయ్యలేదు మేడమ్ గారూ!"

"అది తర్వాత చెబుదువుగాని. ఏం చూశావో చెప్పు."

రొయ్యలు నిలవ చేసే మంచుగది తలుపు కంప్యూటరు చెబితేనే మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. నిన్న మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ చక్రి లైటు మార్చడానికి లోపలికెళ్ళాడు. వెనకాలే తలుపు పడిపోయింది. లోపలివైపు పిడి మంచుకు బిగుసుకుపోయి ఉంది.

"నేను ముట్టుకోలేదండీ. తెర మీద బాణం గుర్తు దానంతటదే వెళ్ళి తలుపు మూసేసింది. తెరుద్దామంటే మౌస్ కదల్లేదు. కీబోర్డు ఎంత కొట్టినా పలకలేదు. కెమెరాలో చక్రి తలుపు బాదుతున్నాడు. నేను చూస్తున్నానండీ... ఉత్తినే చూస్తున్నాను..."

చివరికి ఆమె లేచి పరుగెత్తింది. పనివాళ్ళు గడ్డపారలతో తలుపు పెకలించి చక్రిని బయటికి లాగారు. ప్రాణం దక్కింది గానీ, అతనింకా ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఇంజినీరు వచ్చి చూసేసరికి కీబోర్డూ మౌసూ బుద్ధిగా పనిచేశాయి. పైగా ఆ పొద్దునే టీ దగ్గర చక్రి ఆటపట్టిస్తే, "నిన్ను ఆ గదిలో వేసి తలుపేస్తేగానీ నీ నోరు మూతపడదు" అంది సింధూరి. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడా మాటే ఆమె మెడకు చుట్టుకుంది.

"ఆటో పిలువు హెలెన్," అంటూ లేచింది పద్మావతమ్మ.

ఫ్యాక్టరీ గుమ్మంలో మేనేజరు రామకోటేశ్వరరావు ఎదురొచ్చాడు. నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు. జేబులోంచి కుంకుమ పొట్లం తీసి పద్మావతమ్మకు అందించాడు.

"మొన్న శుక్రవారం కొండెక్కి తెచ్చానమ్మా. అమ్మవారి కుంకుమ. ఈ గండం ఆ తల్లే గట్టెక్కించాలి."

యజమాని పూర్ణచంద్రరావు నిన్నంతా గుడివాడలో పెళ్ళిలో ఉన్నాడట. "నలుగురిలో నా పరువు పోయిందండీ," అని ఒకటే గొడవ. చక్రి ప్రాణం సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

సింధూరి బల్ల రొయ్యలు కడిగే హాలు పక్కనే ఉంది. దాని మీద తెర, కీబోర్డు, మౌస్, అరచేతిలో పట్టేంత పెట్టె. అంతే.

"కంప్యూటరేదీ?" అడిగింది పద్మావతమ్మ.

"ఇక్కడుండదండీ," అన్నాడు ఇంజినీరు శ్రీచరణ్. "ఈ తడికి నాలుగు రోజుల్లో పోతుంది. మేడ మీద ఏసీ గదిలో పెట్టి తాళం వేశాం. దాని దగ్గరొక పెట్టె, ఇక్కడొక పెట్టె, మధ్యలో ఫైబర్ కేబుల్. ఇక్కడ నొక్కింది అక్కడికి వెళ్తుంది. అక్కడి తెర ఇక్కడ కనబడుతుంది."

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గర, మేనేజరుగారి దగ్గర, ఓనరుగారి దగ్గర."

"ఆ కంప్యూటరుకు ఇంకో కీబోర్డు లేదా?"

"కలిపి లేదండీ." శ్రీచరణ్ చూపు నేల మీదికి దిగింది.

మేడ మీద గదిలో అడుగుపెట్టగానే హెలెన్‌కు నవ్వొచ్చింది. పోయిన దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు మేనేజరు ఏ యంత్రాన్నీ వదల్లేదు. కంప్యూటరుకు, ఏసీకి, అక్కడున్న చిన్న తెరకు, చివరికి స్విచ్చిబోర్డుకు కూడా పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఫైబర్ పెట్టెకైతే వైరు గుచ్చే తొర్రల్లో వాడని దాని మీదే పెట్టాడు. అన్ని బొట్లూ దుమ్ము పట్టి నల్లబడ్డాయి. పెట్టె మీది బొట్టొక్కటే ఎర్రగా ఉంది. భక్తి ఎక్కువైన చోట అలాగే ఉంటుందనుకుని హెలెన్ ముందుకు నడిచింది.

పద్మావతమ్మ మాత్రం అక్కడే నిలబడింది. తర్వాత అలమరా తెరిచి, మౌస్ చుట్టిపెట్టిన ఒక పాత కీబోర్డు తీసింది. దాని వైరు కొనను తెల్ల రుమాలుతో తుడిచింది. రుమాలుకు పచ్చటి మరక అంటింది.

"ఇదేంటి హెలెన్?"

"పసుపు మేడమ్."

"కీబోర్డుకు పసుపెందుకు, పులుసులో వెయ్యడానికా?"

శ్రీచరణ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అది రిపేర్లప్పుడు నేను వాడేదేనండీ. కానీ నిన్న ముట్టుకోలేదు, ఒట్టు! చెబితే నన్నే అంటారని..."

"అందుకని ఆ పిల్ల జైలుకు పోయినా ఫర్వాలేదనుకున్నావు."

దొంగ దొరికాడనే అనుకుంది హెలెన్.

పద్మావతమ్మ సింధూరిని కింద తన బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫోను స్పీకరులో పెట్టమంది. మిగతా ముగ్గురినీ మేడ మీది గదిలోకి పిలిచింది. కొత్తగా బిగించిన మంచుగది తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరని ముందే చూసుకున్నారు.

ఆమె రుమాలు తడిపి పెట్టె మీది బొట్టును శుభ్రంగా తుడిచేసింది. పాత కీబోర్డు వైరు ఆ తొర్రలో గుచ్చి, చిన్న తెర వైపు చూస్తూ మౌస్ నొక్కింది.

ఫోనులో సింధూరి కేక వినిపించింది. "మేడమ్! తలుపు పడిపోతోందండీ! నా మౌస్ కదలట్లేదు... మళ్ళీ అలాగే అయిందండీ!"

"భయపడకమ్మా, లైన్లోనే ఉండు." పద్మావతమ్మ అందరి వైపూ తిరిగింది. "పైన ఇంకో కీబోర్డు కలిపితే దాని మాటే చెల్లుతుంది. కిందది ఎంత మొత్తుకున్నా వినదు. అంతేనా శ్రీచరణ్?"

"అంతేనండీ. అలాగే అమర్చాం."

"అయితే వీడేనన్నమాట!" అని పూర్ణచంద్రరావు అతని కాలరు పట్టుకోబోయాడు.

పద్మావతమ్మ వైరు పీకేసి, కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది. మేడమ్ ఎందుకు ఆగిందో హెలెన్‌కు అర్థం కాలేదు. అప్పుడు కనిపించింది.

రామకోటేశ్వరరావు చెయ్యి జేబులోకి వెళ్ళింది. పొట్లం విప్పి చిటికెడు కుంకుమ తీశాడు. బోసిగా ఉన్న పెట్టె మీద బొట్టు పెట్టాడు. పెట్టాక అందరూ తనవైపే చూస్తున్నారని గ్రహించి, తన వేలిని తనే చూసుకున్నాడు.

"నిన్న కూడా ఇలాగే పెట్టారు కదండీ?" అంది పద్మావతమ్మ మెల్లగా. "తప్పు చేసి పోయేవాడు గుర్తులు చెరిపేస్తాడు. ఇక్కడ గుర్తు పెట్టి పోయారు. శ్రీచరణ్‌కు ఆ బొట్టు తొర్రకు అడ్డం, అంతే. ఓనరుగారు ఊళ్ళోనే లేరు. చెరిగిన బొట్టును చూసి ఊరుకోలేని మనిషి, తాళంచెవి ఉన్న మనిషి, మీరొక్కరే."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "ఈ కంప్యూటరు రాకముందు మంచుగది తాళంచెవి నా మొలలో ఉండేదమ్మా. నేను తీస్తేనే తలుపు. ఇప్పుడు నన్నడిగే దిక్కు లేదు. తలుపు దానంతటదే పడిపోతోందంటే, తాళం మళ్ళీ నాకిస్తారనుకున్నా. లోపల మనిషున్నాడని అమ్మవారి తోడు నాకు తెలీదు. తెర మీద చూశాక చేతులాడలేదు."

"వైరు పీకడానికి ఆడాయి. బొట్టు పెట్టడానికి ఆడాయి." పద్మావతమ్మ గొంతు మొదటిసారి పెద్దదైంది. "తలుపు తెరవడానికి ఒక్క నొక్కు చాలు కదండీ! అక్కడ కుర్రాడు మంచులో తలుపు బాదుతుంటే, ఇక్కడ మీరు బొట్టు పెట్టారా?"

హెలెన్ కళ్ళు తుడుచుకుంది.

అంతలో, అందరూ మరిచిపోయిన ఫోనులోంచి సింధూరి గొంతు బెరుగ్గా వచ్చింది.

"మేడమ్ గారూ... మౌస్ కదులుతోందండీ. తలుపు తెరవనా?"

"తెరువమ్మా," అంది పద్మావతమ్మ.

కింద మంచుగది తలుపు జరిగిన చప్పుడు మేడ మీదికి వినిపించింది. రామకోటేశ్వరరావు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.